డబ్బా మీది అంకెలు, చెవిలోని సంగతులు: ఇయర్‌ఫోన్స్‌పై అపోహలు – వాస్తవాలు

రిపేరుకని నా బల్ల మీదికి వచ్చే ఇయర్‌ఫోన్స్‌లో చాలావాటికి అసలు జబ్బే ఉండదు. మొన్న ఒకాయన కొత్త జత పట్టుకొచ్చి "బేస్ లేదండీ, రేకు డబ్బా వాయించినట్టుంది. నిండా మోసపోయాను" అన్నారు. విప్పి చూడాల్సిన అవసరం రాలేదు. డబ్బాలో ముట్టుకోకుండా పడి ఉన్న చిన్న కవరు చింపి, పెద్ద సైజు రబ్బరు టిప్పులు తొడిగి చేతికిచ్చాను. పాట మొదలైన కాసేపటికే ఆయన కనుబొమలు పైకి లేచాయి. "లోపల ఏం మార్చారు?" అని అడిగారు. లోపల ఏమీ మార్చలేదు. చెవికీ టిప్పుకీ మధ్య సందు మూసుకుంది, అంతే.

ఆ సందు గురించే ఈ రాత. బస్సులో, రైల్లో అది ఎంత బాగా మూసుకుంటే అంత మంచిది. సైకిల్ ఎక్కాక అదే ముప్పు. అన్నిటికీ ఒకే జత సరిపోతుందనుకున్న చోటే చాలామంది తప్పులో కాలేస్తారు.

అపోహ: డ్రైవర్ ఎన్ని మిల్లీమీటర్లుంటే అంత బేస్

డ్రైవర్ అంటే ఇయర్‌ఫోన్ లోపలి బుల్లి స్పీకరు. 6 మి.మీ. కన్నా 10, దానికన్నా 12 మేలని డబ్బాలు చూసి లెక్కేస్తారు. డ్రైవర్ పొరను దేనితో చేశారు, వెనక గాలికి ఎంత చోటిచ్చారు, ట్యూనింగ్ ఎలా చేశారు అన్నవి తేల్చకుండా ఆ ఒక్క అంకెతో ఏమీ తెలియదు. వినికిడి యంత్రాల నుంచి ఇయర్‌ఫోన్స్‌లోకి వచ్చిన బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్ డ్రైవర్లు బియ్యపు గింజకు కాస్త పెద్దవి. వేదికల మీద పాడేవాళ్లు చెవిలో పెట్టుకునే మానిటర్లలో చాలావరకు ఉండేవి అవే.

బేస్‌ని నిలబెట్టేది మాత్రం టిప్పు. చెవి గొట్టం మూసుకుంటే లోపల ఉండే గాలి చాలా తక్కువ. డ్రైవర్ కొంచెం కదిలినా ఆ గాలి మొత్తం నొక్కుకుంటుంది, మనకు దరువు గట్టిగా తగులుతుంది. వెంట్రుకవాసి సందున్నా ముందు జారిపోయేది బేసే. పరీక్ష కావాలంటే ఇంట్లోనే చేసుకోవచ్చు. దరువున్న పాట పెట్టి, ఇయర్‌ఫోన్‌ని వేలితో మెల్లగా లోపలికి అదమండి. బేస్ ఒక్కసారిగా పెరిగితే మీ టిప్పు సరిపోలేదని అర్థం. నోరు బాగా తెరిచి మూసి చూడండి. దవడ కదిలినప్పుడు చెవి గొట్టం ఆకారం మారుతుంది కాబట్టి, కొందరికి కూర్చున్నప్పుడు బాగున్నది మాట్లాడుతుంటే వదులవుతుంది.

మామూలుగా డబ్బాలో మూడు సైజులుంటాయి, మధ్యది ముందే తొడిగి ఉంటుంది. మిగతా రెండూ డ్రాయరులో పడి ఉంటాయి. కుడి చెవి, ఎడమ చెవి ఒకే కొలతలో ఉండాలని ఏమీ లేదు. నాకు కుడికి మీడియం, ఎడమకు చిన్నది. పెట్టుకునేటప్పుడు రెండో చేత్తో చెవిని కాస్త పైకీ వెనక్కీ లాగి తోస్తే గొట్టం తిన్నగా అవుతుంది, టిప్పు సరిగ్గా కూర్చుంటుంది. ఫోమ్ టిప్పులైతే వేళ్ల మధ్య నలిపి సన్నం చేసి పెట్టి, ఉబ్బేదాకా ఆగాలి.

రబ్బరు లేకుండా చెవి దొప్పలో వేలాడే రకం వేరు. వాటిలో సందు ఎప్పుడూ ఉంటుంది. ఇంట్లో తేలిగ్గా హాయిగా ఉంటాయి. రద్దీ బస్సులో మాత్రం బేస్ వినబడక వాల్యూమ్ పెంచుకుంటూ పోతారు.

అపోహ: 10 నుంచి 40,000 హెర్ట్జ్ అని రాసి ఉంటే నాణ్యమైనదే

హెర్ట్జ్ అంటే శబ్దం సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందో చెప్పే కొలత; అంకె చిన్నదైతే బేస్, పెద్దదైతే కీచు. మనిషి చెవికి వినబడేదే దాదాపు 20 నుంచి 20,000 హెర్ట్జ్. వయసుతో పాటు పై కొస తరుగుతూ వస్తుంది. డబ్బా మీది ఆ రెండు అంకెల మధ్య ధ్వని ఎంత హెచ్చుతగ్గుల్లేకుండా వస్తుందో చెప్పకపోతే వాటికి విలువ లేదు. ఈ వరుస చదవకుండా వదిలేయండి.

అపోహ: నాయిస్ క్యాన్సిలేషన్ ఉంటే బయటి చప్పుడు మొత్తం పోతుంది

శబ్దాన్ని శబ్దంతోనే చంపే ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. జర్మనీకి చెందిన పాల్ లూగ్‌కు దీని మీద 1936లో అమెరికా పేటెంట్ వచ్చింది. 1978లో బోస్ కంపెనీ స్థాపకుడు అమర్ బోస్ విమానంలో ప్రయాణిస్తూ, ఇంజిను హోరుకు పాట వినబడక విసిగి, లెక్కలు అక్కడే మొదలుపెట్టారు. 1989లో పైలట్ల హెడ్‌సెట్‌గా అది మార్కెట్లోకి వచ్చింది. మొదట పని చేసింది ఇంజిను హోరు మీదే అన్నది గుర్తుంచుకోవాలి. ఇప్పటికీ దాని బలం అక్కడే ఉంది.

బయటి మైకు శబ్దాన్ని పట్టుకుంటుంది, చిప్పు దానికి సరిగ్గా తిరగబడ్డ అలను తయారు చేస్తుంది, రెండూ చెవిలో కలిసి ఒకదాన్నొకటి తినేస్తాయి. 100 హెర్ట్జ్ అల పొడవు 3.4 మీటర్లు. తీరుబడిగా వస్తుంది, దాన్ని అందుకోవడం తేలిక. 3,000 హెర్ట్జ్ అల పొడవు 11 సెంటీమీటర్లే. అక్కడ లెక్క ఏ కాస్త ఆలస్యమైనా అల అలను చంపదు. అందుకే ఇంజిను, ఫ్యాను, ఏసీ హోరు మాయమవుతాయి. పక్క సీటాయన ఫోన్ మాటలు, పిల్లల ఏడుపు, హారన్ మాత్రం మిగులుతాయి. వీటిని ఆపాల్సింది టిప్పే. వేలకు వేలు పోసి కొన్న నాయిస్ క్యాన్సిలేషన్ కూడా వదులు టిప్పుతో సగం చచ్చిపోతుంది.

ఆన్ చేయగానే చెవిలో ఏదో ఒత్తిడిగా ఉందని కొందరంటారు. నిజంగా గాలి ఒత్తిడి ఏమీ పెరగదు. లోతు శబ్దాలు హఠాత్తుగా పోయేసరికి అలా అనిపిస్తుంది. అది నచ్చకపోతే ఆఫ్ చేసి మంచి టిప్పులతో నెట్టుకురావచ్చు.

దీని అసలు లాభం నిశ్శబ్దం కాదు, తక్కువ వాల్యూమ్. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లు వారానికి 80 డెసిబెల్స్ దగ్గర 40 గంటలు వినవచ్చు. 90 దగ్గరైతే 4 గంటలే, 100 దగ్గరైతే 20 నిమిషాలు. మూడు డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా సమయం సగానికి పడిపోతుంది. రోజూ రెండు గంటలు రద్దీలో ప్రయాణించేవాళ్లు ఆ హోరు మీద పాట తేలేలా పెంచుకుంటే కోటా వారం మధ్యలోనే ఐపోవచ్చు. "60 శాతం దాటకపోతే చాలు" అనే సూత్రాన్ని నేను నమ్మను. ఫోన్‌లో 60 శాతం అంటే ఒక జతలో మెల్లగా, ఇంకో జతలో చెవులు గింగురుమనేలా ఉండొచ్చు. నా పద్ధతి వేరు. రాత్రి నిశ్శబ్దంగా ఉన్న గదిలో హాయిగా వినబడే వాల్యూమ్ గీత ఎక్కడో చూసుకుంటాను. బస్సులో దానికన్నా రెండు మూడు గీతలు మించి పెంచాల్సి వస్తే తప్పు టిప్పుదే.

అపోహ: సైకిల్ మీద ఒక చెవికి పెట్టుకుంటే సురక్షితం

నేనూ చాన్నాళ్లు ఇదే నమ్మాను. రోజూ సైకిల్ మీదే పనికి వెళ్తాను. ఎడమ చెవిలో ఒకటి పెట్టుకుని, కుడి చెవి రోడ్డుకి వదిలేశానన్న ధీమాతో తొక్కేవాణ్ని. ఒకసారి వెనక నుంచి మోటార్‌సైకిల్ మోత వినబడి కుడివైపు చూశాను. అది ఎడమ మోచేతిని రాసుకుంటూ వెళ్లిపోయింది. చప్పుడు వినబడింది, ఎటు నుంచో తెలియలేదు.

దిక్కు తెలియాలంటే రెండు చెవులూ కావాలి. ఎడమ నుంచి వచ్చే శబ్దం కుడి చెవికి కొంచెం ఆలస్యంగా, కొంచెం తక్కువ సౌండ్‌తో చేరుతుంది. ఆ ఆలస్యం సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు, ఐనా మెదడు దాన్ని పట్టుకుని దిక్కు చెప్తుంది. ఒక చెవి మూస్తే ఆ పోలికే పోతుంది. కాబట్టి సైకిల్ మీద ఒక చెవా, రెండు చెవులా అని కాదు, గొట్టం మూసుకుందా తెరిచుందా అని అడగాలి.

చెవి బయట కూర్చునే ఓపెన్ ఇయర్ రకాలు, బోన్ కండక్షన్ రకాలు ఇందుకే వచ్చాయి. రెండోది చెవి ముందున్న ఎముకను కదిలించి శబ్దాన్ని లోపలికి పంపుతుంది. ఎముక ద్వారా వెళ్తుంది కాబట్టి చెవికి హాని ఉండదని అమ్మేవాళ్లు చెప్తుంటారు. తప్పు. ఏ దారిన వెళ్లినా చేరేది లోపలి చెవిలోని కాక్లియాకే, అరిగేది అక్కడి కణాలే. బేస్ కూడా ఆశించవద్దు. వాల్యూమ్ పెంచితే బుగ్గ దగ్గర చక్కిలిగిలి మొదలవుతుంది.

ఇక ట్రాన్స్‌పరెన్సీ మోడ్, అంటే బయటి చప్పుడును మైకుతో పట్టి చెవిలో వినిపించే సదుపాయం. నడకకు బాగుంటుంది. సైకిల్ వేగంలో గాలి నేరుగా మైకును కొడుతుంది, ఆ బుసనే పెద్దది చేసి చెవిలో పోస్తుంది. పైగా దారి మధ్యలో ఛార్జింగ్ ఐపోతే చెవిలో మిగిలేది రబ్బరు బిరడా.

గొట్టం తెరిచున్నా పాట గట్టిగా ఉంటే బయటి శబ్దాన్ని కప్పేస్తుంది. ట్రాఫిక్‌లో పాట వినబడకపోతే పోనివ్వండి, పెంచవద్దు. నేను ఖాళీ రోడ్డులో మాటల కార్యక్రమాలు వింటాను, కూడలి వచ్చేలోపు ఆపేస్తాను. కొనే ముందు హెల్మెట్, కళ్లజోడు రెండూ పెట్టుకుని చూడండి. మెడ వెనక పట్టీ హెల్మెట్‌కు తగిలి పక్కకు చూసినప్పుడల్లా లేస్తుంటే ఆ చిరాకు రోజూ ఉంటుంది. చట్టం కూడా చూసుకోవాలి. ఫ్రాన్స్‌లో 2015 జులై నుంచి సైకిల్ తొక్కుతూ చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకోవడమే నిషేధం, ఒక చెవికైనా సరే.

అపోహ: ఐపీఎక్స్7 అంటే నీళ్లకు, చెమటకు దేనికీ భయం లేదు

ఐపీ రేటింగ్ అంటే పరికరం దుమ్మును, నీటిని ఎంత తట్టుకుంటుందో చెప్పే గుర్తు. అందులో చివరి అంకె నీటికి. 4 అంటే అన్ని వైపుల నుంచి పడే తుంపర్లు, 5 అంటే పైపు నుంచి వచ్చే ధార, 7 అంటే మీటరు లోతు నీటిలో అరగంట. 7 ఉన్నంత మాత్రాన ధారకు తట్టుకుంటుందని కాదు, అది వేరే పరీక్ష. ఎక్స్ ఉన్న చోట దుమ్ముకు పరీక్ష ఫలితం ఇవ్వలేదని అర్థం. ఇవన్నీ మంచినీళ్లతో చేసే పరీక్షలు. చెమటలో ఉప్పుంటుంది. తడి ఇయర్‌బడ్స్‌ని అలాగే కేసులో పడేస్తే ఛార్జింగ్ పిన్నుల మీద పచ్చటి చిలుము పడుతుంది. కేసుకు చాలాసార్లు ఏ రేటింగూ ఉండదు. గుడ్డతో తుడిచి, కాసేపు ఆరనిచ్చి పెట్టండి.

అపోహ: ఖరీదైన కోడెక్ ఉంటే పాట మారిపోతుంది

కోడెక్ అంటే పాటను కుదించి బ్లూటూత్‌లో పంపే పద్ధతి. వాటిలో ఒకటైన ఎల్‌డ్యాక్ సెకనుకు 990 కిలోబిట్ల దాకా పంపగలదు, నిజమే. ఫోన్‌లోనూ ఇయర్‌ఫోన్‌లోనూ రెండు చోట్లా ఉంటేనే. అదీ రద్దీ స్టేషన్‌లో సిగ్నల్ తెగకుండా 660కో 330కో దిగిపోవచ్చు. ప్రయాణంలో ఆ తేడా పట్టుకున్నవాళ్లను నేను చూడలేదు. కాల్ రాగానే పాట పాత రేడియోలా మారడం మాత్రం అందరూ గమనిస్తారు. మైకు ఆన్ ఐతే మామూలు బ్లూటూత్ మాటల దారిలోకి మారుతుంది. పాటకు సెకనుకు 44,100 శాంపిళ్లుంటే అక్కడ 8,000 లేదా 16,000. ఇయర్‌ఫోన్స్ పాడవలేదు, కాల్ పెట్టేయగానే సర్దుకుంటుంది.

బ్లూటూత్ రేడియేషన్ అని టెన్షన్ పడేవాళ్లకు ఒక్క మాట. ఈ బుల్లి పరికరాలు పంపేది కొన్ని మిల్లీవాట్లు. చెవికి ఆనించి పట్టుకున్న ఫోన్ అంతకన్నా చాలా ఎక్కువ పంపగలదు.

అపోహ: ఒక పక్క సౌండ్ తగ్గితే డ్రైవర్ పోయినట్టే

నిజంగా పోయేవి వేరే చోట ఉంటాయి. వైరున్నవాటిలో ముందు తెగేది పిన్ను మొదట్లో, జేబులో మడత పడే చోట. వైర్‌లెస్‌లో ముందు అలిసిపోయేది బ్యాటరీ. అంత చిన్న గూట్లో దాన్ని మార్చడం నాకూ తలనొప్పే. కొనేటప్పుడు ఒక బడ్డు పోతే విడిగా ఇస్తారా అని అడిగి ఉంచుకోండి.

ఒక పక్క మెల్లమెల్లగా తగ్గిందంటే మాత్రం ముందు జాలీ, అంటే శబ్దం బయటికొచ్చే చోట ఉండే సన్నని వల, చూడండి. టిప్పు తీసి, వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే గులిమి పసుపు పొరలా కనబడుతుంది. జాలీని నేల వైపు తిప్పి, పొడి మెత్తటి బ్రష్‌తో కింది నుంచి తడమాలి. ఊడింది లోపలికి పోకుండా కింద రాలుతుంది. స్పిరిట్ పోయొద్దు, నోటితో ఊదొద్దు. పిన్నుతో పొడిచి జాలీ చిల్లు పడ్డాక తెస్తే, అప్పుడు మాత్రం నిజంగా డ్రైవర్ మార్చాల్సిందే.