పాత ఇనుముతో చేసుకున్న డీజిల్ పనిముట్లు: అపోహలు - వాస్తవాలు

విజయవాడ ఆటోనగర్‌లో డీజిల్ ఇంజన్లు విప్పే ఏ షెడ్డులోకి వెళ్లినా గోడకి రెండు వరసల పనిముట్లు కనిపిస్తాయి. ఒకటి కొన్నవాటి వరస. రెండో దాంట్లో పాత లైనర్ (పిస్టన్ ఆడే సిలిండర్ గొట్టం) ముక్క, సాగదీసిన కమాన్ పట్టీ, వెల్డింగ్ అతుకులున్న పుల్లర్ (బిగుసుకున్న భాగాల్ని బయటికి లాగేది) ఉంటాయి. నాకు అన్నం పెట్టింది ఎక్కువగా ఆ రెండో వరసే. అందుకే వాటి గురించి అటూ ఇటూ వినిపించే తప్పుడు మాటలు నన్ను బాధపెడతాయి.

అపోహ: షెడ్డులో చేసిన పనిముట్టు కంపెనీ టూల్‌కి ఎప్పటికీ సాటి రాదు.

పిస్టన్ ఎక్కించే పని తీసుకోండి. బజార్లో దొరికే రేకు పట్టీ కంప్రెసర్‌తో పిస్టన్ చుట్టూ ఉండే రింగులు బిగించి దాన్ని లైనర్‌లోకి దింపుతుంటే, పట్టీ కొంచెం పైకి లేచినా రింగు బయటికి తన్ని విరుగుతుంది. మా మేస్త్రి గారు నేర్పిన పద్ధతి వేరు. అదే సైజు పాత లైనర్ నుంచి మూడు అంగుళాల ముక్క కోయించి, లోపలి భాగాన్ని లేత్ మీద గరాటులా తిప్పించాలి. పై మూతి మూడు నాలుగు మిల్లీమీటర్లు వెడల్పు ఉండాలి, కింది మూతి లైనర్ లోపలి వెడల్పు, అంటే బోర్‌తో సమానంగా ఉండాలి. ముక్కని లైనర్ అడుగు వైపు నుంచే కోయించండి. పైవైపు రింగులు ఆడి ఆడి అరిగిపోయి ఉంటుంది. కింది మూతి బోర్ కంటే ఏమాత్రం పెద్దదైనా రింగు లైనర్ అంచుకి తగులుకుంటుంది. సరిగ్గా కుదిరితే సుత్తి పిడితో మెల్లగా తట్టినా పిస్టన్ జారిపోతుంది. ఒక్కో బోర్‌కి ఒక్కోటి చేయించుకోవాలి, అదొక్కటే ఇబ్బంది.

అపోహ: బోల్టు లావుగా ఉంటే చాలు, ఏ పుల్లరైనా పనిచేస్తుంది.

హార్డ్‌వేర్ కొట్టులో మీటర్ లెక్కన అమ్మే థ్రెడ్ రాడ్ మామూలుగా మెత్తటి ఇనుము. తుప్పు పట్టి బిగుసుకున్న లైనర్‌ని దాంతో లాగితే ముందు రాడ్ సాగుతుంది, తర్వాత తెగుతుంది. బోల్టు తలపై 8.8 అని బలం గుర్తు ఉందా చూడండి. 10.9 ఉంటే ఇంకా మంచిది. మరలకి గ్రీజు పట్టించండి, లేకపోతే మీ బలంలో చాలా భాగం రాపిడికే పోతుంది. పుల్లర్ కాళ్లు బ్లాక్ మీద ఆనాలి, పక్క లైనర్ అంచు మీద కాదు. లాగేటప్పుడు రాడ్‌కి ఎదురుగా మొహం పెట్టకండి.

అపోహ: ఇనుము ఎంత గట్టిదైతే పనిముట్టు అంత మంచిది.

పిస్టన్‌ని కనెక్టింగ్ రాడ్‌కి కలిపే పాత గడ్జిన్ పిన్నుని బిగుసుకున్న భాగాల్ని తోసే డ్రిఫ్ట్‌గా పెట్టి సుత్తితో కొట్టేవాళ్లని చూస్తే నాకు టెన్షన్. దాని పైపొర గట్టిది, ఆ గట్టిదనం వల్లే పెచ్చు ఊడి ఎగురుతుంది. అది కంట్లో పడితే చూపే పోవచ్చు. కొట్టే పనికి ఇత్తడి కడ్డీ వాడండి. బేరింగ్ రింగులు కూడా అంతే. ప్రెస్ కింద పెట్టి వాడొచ్చు కానీ వాటి మీద నేరుగా సుత్తి దెబ్బ వద్దు.

అపోహ: ఇంట్లో చేసిన కంప్రెషన్ గేజ్ (సిలిండర్‌లో గాలి ఒత్తిడి కొలిచేది) తక్కువ చూపిస్తే ఇంజన్ బోరుకొచ్చినట్టే (లోపల అరిగిపోయినట్టే).

నేను ఎక్కువ చెప్పాలనుకున్నది దీని గురించే. కొన్నేళ్ల కిందట ఒక రైతు మూడు సిలిండర్ల ట్రాక్టర్ తెచ్చాడు. పొద్దున్నే స్టార్ట్ అవడం లేదన్నాడు. పాత ఇంజెక్టర్ (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మేది) బాడీకి హోస్, గేజ్ తగిలించి నేనే చేసుకున్న పనిముట్టు పెట్టాను. మూడు సిలిండర్లూ తక్కువే, మూడూ దాదాపు ఒకే లెక్క. “బోరుకొచ్చిందా అన్నా?” అని అతను అడిగితే అవునన్న మాట నోటి దాకా వచ్చింది. మూడూ ఇంత సమానంగా అరుగుతాయా అన్న అనుమానమే ఆపింది. బాగా నడుస్తున్న మరో ట్రాక్టర్‌కి అదే గేజ్ పెట్టాను. దానికీ తక్కువే వచ్చింది. అతని బండిలో అసలు జబ్బు, డీజిల్ పైపు జాయింట్ గాలి పీల్చడం. రాగి వాషర్లు మారిస్తే సరిపోయింది.

గేజ్ ఎందుకు తప్పు చెప్పిందో లెక్క వేసి చూడండి. సిలిండర్ 800 సీసీ, కంప్రెషన్ రేషియో (గాలి ఎన్నో వంతుకి నలుగుతుందన్న లెక్క) 17 అయితే పిస్టన్ పైకి వచ్చినప్పుడు మిగిలే జాగా 50 సీసీ. నా హోస్ లోపలి వెడల్పు 6 మిల్లీమీటర్లు, పొడవు అరమీటరు. అందులో 14 సీసీ పడుతుంది. గాలిని వెనక్కి పోనివ్వని నాన్ రిటర్న్ వాల్వ్‌ని గేజ్ దగ్గర పెట్టడం వల్ల ఆ 14 కూడా సిలిండర్‌లో కలిసిపోయింది. 17 కాస్తా 13.5 అయింది. తర్వాత వాల్వ్‌ని ఇంజెక్టర్ కొన దగ్గరికి మార్చాను. ఇప్పుడు హోస్ స్ట్రోక్ స్ట్రోక్‌కీ నిండుతూ అసలు ప్రెషర్‌కి చేరుతుంది. టైరు వాల్వ్ పిన్ను మాత్రం పెట్టకండి, దాని స్ప్రింగ్ గట్టిది కాబట్టి రీడింగ్ తగ్గుతుంది. డీజిల్‌కి 25 నుంచి 30 బార్ (ఒత్తిడి కొలమానం) దాకా వస్తుంది, 20 బార్ వరకే గీతలున్న పెట్రోల్ గేజ్ పనికిరాదు.

లాగే పనిముట్టు తప్పయితే వంగి కనిపిస్తుంది. కొలిచేది తప్పయితే ఏమీ కనిపించదు, రైతు జేబు ఖాళీ అవుతుంది. అందుకే కొలిచే ఏ పనిముట్టునైనా ముందు మంచి ఇంజన్ మీద పరీక్షించండి. బోల్టు ఎంత బలంతో బిగుస్తుందో చూపే టార్క్ రెంచ్‌కి పానా ముక్క అతికించి పొడవు పెంచినా ఇదే గొడవ. 50 సెంటీమీటర్ల రెంచ్‌కి నేరుగా 10 సెంటీమీటర్లు కలిపితే, 200 న్యూటన్ మీటర్లు రావడానికి రెంచ్‌ని 167 దగ్గర పెట్టాలి.

అపోహ: బాటిల్ జాక్‌తో నాజిల్ (ఇంజెక్టర్‌లో డీజిల్ చిమ్మే కొన) టెస్టర్ చేసుకోవచ్చు, స్ప్రే చేత్తో చూడొచ్చు.

పాత మెకానికల్ నాజిల్ సుమారు 200 బార్ దగ్గర తెరుచుకుంటుంది. అన్ని ఇంజెక్టర్లకీ ఒకే పైపు నుంచి డీజిల్ అందే కామన్ రైల్‌లో ప్రెషర్ 1600 బార్ కూడా దాటుతుంది. ఈ రెండింటికీ షెడ్డులో చేసిన టెస్టర్ వద్దు, డీజిల్ పంపు షాపులో చూపించండి. ఆ ప్రెషర్‌లో డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. మొదట సూది గుచ్చినంత చుక్కే కనిపిస్తుంది, నొప్పి కూడా పెద్దగా ఉండకపోవచ్చు. గంటల్లో వేలు వాచి, లోపల కండ చచ్చిపోవడం మొదలవుతుంది. అలా జరిగితే పసుపు పెట్టి కట్టు కట్టుకుని కూర్చోకండి. వెంటనే సర్జన్ ఉన్న ఆసుపత్రికి వెళ్లి, డీజిల్ ప్రెషర్‌తో వేల్లోకి వెళ్లిందని స్పష్టంగా చెప్పండి.