మీ తాతమ్మ సర్వీసు

చిట్టికీ, బాబికీ మీ అమ్మమ్మ ఆశీస్సులు.

చిట్టీ, స్కూలు ప్రాజెక్టు కోసం నువ్వు గీసిన వంశవృక్షం ఫోటో మీ అమ్మ పంపింది. చాలా ముచ్చటగా ఉంది. ముత్తాత పేరు కింద 'సుబేదార్, మద్రాస్ ఇంజనీర్ గ్రూప్' అని, తాతమ్మ పేరు కింద 'గృహిణి' అని రాశావు. నిన్ను అనడానికేం లేదు, మన ఇంట్లో అందరూ అలాగే చెప్తారు. పెన్షన్ వచ్చింది ఆయనకే కాబట్టి ఉద్యోగం చేసిందీ ఆయనే అనుకుంటారు. మా అమ్మ ఇంచుమించు ముప్ఫై ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పింది. మరి ఆవిడకి పెన్షన్ ఎందుకు రాలేదు? అది చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

మా అమ్మ ఎస్సెస్సెల్సీ, అంటే అప్పటి బడి చదువు ఆఖరి పరీక్ష పాసై, సెకండరీ గ్రేడ్ ట్రైనింగ్ చేసి, 1960లో సమితి స్కూల్లో టీచరుగా చేరింది. అంతకు ముందు ఏడాదే, 1959 నవంబరు 1న, మన రాష్ట్రంలో పంచాయతీరాజ్ మొదలైంది. ఊళ్ళల్లోని చిన్న బడులు, కొన్ని ఊళ్ళు కలిపి ఏర్పడ్డ పంచాయతీ సమితుల చేతికి వచ్చాయి. జీతం తక్కువే గానీ పర్మనెంటు ఉద్యోగం. ఆ రోజుల్లో ఆడపిల్ల చేతికి పర్మనెంటు ఉద్యోగం అంటే చిన్న విషయం కాదు. మా అమ్మమ్మ ఊరంతా చెప్పుకుందట.

నాన్నది తాడేపల్లిగూడెం వైపు. అక్కడ మాధవరం అనే ఊరుంది, దాన్ని మిలిటరీ మాధవరం అంటారు. రెండు ప్రపంచ యుద్ధాల నాటి నుంచీ ఆ ఊరి మగపిల్లలు సైన్యంలో చేరుతూనే ఉన్నారు. ఆ గాలి చుట్టుపక్కల ఊళ్ళకీ సోకింది. నాన్న అలాగే బెంగుళూరు వెళ్ళి మద్రాస్ సాపర్స్‌లో చేరారు. నువ్వు రాసిన మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ అదే. సాపర్లంటే సైన్యానికి దారి వేసేవాళ్ళు. వంతెనలు కట్టడం, రోడ్లు వేయడం, మందుపాతరలు తీయడం వాళ్ళ పని. రెండు నెలల సెలవులో వచ్చి పెళ్ళి చేసుకుని, సెలవు అవగానే వెళ్ళిపోయారు. 1962 అక్టోబరులో చైనాతో యుద్ధం వచ్చేసరికి అమ్మ దగ్గరున్నది ఆయన నంబరు, యూనిట్ పేరు, కింద '56 ఏపీఓ' అన్న అడ్రసు మాత్రమే. ఏపీఓ అంటే సైన్యం వాళ్ళ పోస్టాఫీసు. ఉత్తరం అందుతుంది గానీ అందుకున్న మనిషి ఎక్కడున్నాడో ఇంట్లోవాళ్ళకి తెలియదు. అది కావాలనే అలా పెట్టారు.

ఇక్కడ మీకు రెండు మాటలు తెలియాలి. ఫీల్డ్ అంటే సరిహద్దు దగ్గరి పోస్టింగు, భార్యాపిల్లల్ని తీసుకెళ్ళడానికి లేదు. పీస్ స్టేషన్ అంటే కంటోన్మెంటు. క్వార్టర్ దొరికితే కుటుంబాన్ని తెచ్చుకోవచ్చు. నాన్నకు పీస్ పోస్టింగ్ వచ్చింది, క్వార్టర్ కూడా దొరికింది. నన్ను చంకనేసుకుని అమ్మ వెళ్ళాలి. కానీ అమ్మ ఉద్యోగం ఆ సమితి పొలిమేర దాటదు, నాన్న పోస్టింగేమో దేశమంతా. మొదట జీతం లేని సెలవు పెట్టింది, దాన్ని పొడిగించింది, ఇక కుదరదన్నాక రాజీనామా రాసిచ్చింది. ఆ ఒక్క కాగితంతో అప్పటిదాకా చేసిన సర్వీసంతా చెల్లకుండా పోయింది. రాజీనామా చేస్తే వెనకటి సర్వీసు పెన్షన్‌కి లెక్కలోకి రాదు. రూలు అది.

అయినా ఆవిడ ఊరుకునే మనిషి కాదు. 1963లో కేంద్ర ప్రభుత్వం 20 రెజిమెంటల్ స్కూళ్ళను తీసుకుని సెంట్రల్ స్కూళ్ళు మొదలుపెట్టింది. మీరు ఇప్పుడు కేంద్రీయ విద్యాలయ అంటున్నవి అవే. నాన్నలకు బదిలీ అయినా పిల్లల చదువు చెడకూడదని దేశమంతా ఒకే సిలబస్ పెట్టారు. అలాంటి బళ్ళలోనూ, కంటోన్మెంటుల్లోని చిన్న స్కూళ్ళలోనూ ఎవరైనా టీచరు పురిటికి వెళ్తేనో, పోస్టు ఖాళీ పడితేనో అమ్మని తీసుకునేవాళ్ళు. దక్షిణ భారత హిందీ ప్రచార సభ పరీక్షలు రాష్ట్రభాష దాకా ఎప్పుడో పాసైంది కాబట్టి హిందీ భయం లేదు. ఝాన్సీలో పిల్లలు ఆవిడ పుస్తకాల హిందీ విని మొదట్లో నవ్వారట. నెల తిరక్కుండానే వాళ్ళ హిందీలోనే వాళ్ళకి చీవాట్లు పెట్టింది.

అందరూ మంచివాళ్ళేమీ కాదు. ఒక స్కూలువాళ్ళు ఏటా ఏప్రిల్ ఆఖరున ఆవిడని తీసేసి, జులైలో మళ్ళీ కొత్తగా చేర్చుకునేవాళ్ళు. వేసవి జీతం మిగులుతుంది కదా! పైగా మధ్యలో తెగిపోతే సర్వీసు అతుక్కోదు. అమ్మకి ఒళ్ళు మండేది. "ఆయనకి కమాండింగ్ ఆఫీసరు ఒక్కడే. నాకు ఆయన, ఆయన ఆఫీసరు, మా హెడ్మిస్ట్రెస్... ముగ్గురు" అనేది. త్యాగమూర్తి అంటూ ఆవిడ ఫోటోకి దండ వేసేవాళ్ళని చూస్తే నాకు నచ్చదు. ఆవిడకి కోపం ఉండేది, ఆ కోపంలో న్యాయమూ ఉండేది.

ఆవిడ చేసిన పనుల్లో నాకు బాగా గుర్తున్నది బడిలోది కాదు. క్వార్టర్స్ వరండాలో మధ్యాహ్నం పూట అంట్లు తోముకుని, పిల్లల్ని పడుకోబెట్టి, జవాన్ల భార్యలు నలుగురైదుగురు వచ్చి కూర్చునేవాళ్ళు. తమిళులు, మలయాళీలు, మనవాళ్ళు. మలయాళీలకి చదువొచ్చు, మిగతావాళ్ళలో చాలామందికి సంతకం కూడా రాదు. మొగుడు ఫీల్డ్‌లో ఉంటే మనియార్డరు వస్తుంది. పోస్ట్‌మాన్ ముందు వేలిముద్ర వేయాలి. మొగుడికి ఉత్తరం పంపాలంటే పక్కింటావిడతో రాయించుకోవాలి. అలా రాయించుకునే ఉత్తరంలో ఏం చెప్పగలరు? 'ఇక్కడ అందరం క్షేమం.' అంతే కదా. అమ్మ పలక పెట్టి, మొదట పేరు రాయడం నేర్పేది. తమిళావిడకి నేర్పాలంటే ముందు తనే, తమిళం కూడా చదవడం వచ్చిన మలయాళీ ఆవిడ దగ్గర తమిళ అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకుంది. మన శ్రీకాకుళం వైపు అమ్మాయి ఒకావిడ మూణ్ణెల్లకి సొంతంగా ఇన్‌లాండ్ లెటర్ రాసింది. ఒత్తులు లేవు, దీర్ఘాలు లేవు. అమ్మ దిద్దబోతే ఆ అమ్మాయి చేత్తో ఉత్తరం మూసేసి, "మీరు సూడకండి టీచరమ్మా" అంది. అమ్మ వెంటనే లేచి లోపలికి వెళ్ళిపోయింది. తర్వాత నాన్నకి ఆ సంగతి ఎన్నిసార్లు చెప్పిందో!

1971లో, పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చినప్పుడు, మేము హర్యానాలోని అంబాలాలో ఉన్నాం. నాకు ఎనిమిదేళ్ళు. నాన్న యూనిట్ అప్పటికే కదిలిపోయింది, మేము క్వార్టర్లోనే ఉండిపోయాం. బడి ఆవరణలో కందకాలు తవ్వారు. చెవుల్లో దూది పెట్టుకుని, మోచేతుల మీద బోర్లా ఎలా పడుకోవాలో అమ్మ ఒకటో తరగతి పిల్లలకి ఆటలాగా నేర్పేది. డిసెంబరు 3 రాత్రి సైరన్ మోగింది, పాకిస్తాన్ విమానాలు అంబాలా మీదికి కూడా వచ్చాయి. కిటికీ అద్దాలకి నల్ల కాగితం, చలికి కిరసనాయిలు వాసనకొట్టే దుప్పటి, రేడియోలో ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు. అమ్మ రాత్రంతా మేలుకుని, పొద్దున బడికి వెళ్ళేది. యుద్ధం పదమూడు రోజుల్లో ముగిసింది. డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది. పశ్చిమాన బసంతర్ నది దగ్గర మన ట్యాంకులు దాటడానికి ఇంజనీర్లు మందుపాతరల మధ్య దారి తీశారని మాకు తర్వాత తెలిసింది.

నాన్న తిరిగొచ్చారు. అమ్మ క్లాసులో ఒక పిల్లవాడి నాన్న రాలేదు. క్వార్టర్ ఖాళీ చేసి ఊరెళ్ళాలి కాబట్టి వాళ్ళమ్మ టీసీ కోసం వచ్చింది. టీసీలో 'బడి మానడానికి కారణం' అని ఒక గడి ఉంటుంది. మిలిటరీ పిల్లలకి అందులో ఎప్పుడూ రాసేది 'తండ్రి బదిలీ' అనే. గుమాస్తా అలవాటుగా అదే రాసేశాడు. అమ్మ ఆ కాగితం చింపించి, ఇంకోటి రాయించి, కారణం ఉన్నదున్నట్టు పెట్టించింది. ఆ పిల్లవాడికి రేపు ఫీజు రాయితీకో, స్కాలర్‌షిప్‌కో ఆ మాటే ఆధారమవుతుందని ఆవిడ ఆలోచన. ఏడుస్తూ కూర్చోకుండా ఫారం సరిచేయించడం... మా అమ్మ పద్ధతి అది.

నాన్న రిటైరయ్యాక తాడేపల్లిగూడెంలో స్థిరపడ్డాం. అమ్మ అక్కడ ఒక ప్రైవేటు కాన్వెంటులో చాలా ఏళ్ళు చెప్పింది, అక్కడా పెన్షన్ లేదు. భార్యాభర్తలిద్దరూ ప్రభుత్వోద్యోగులైతే వీలైనంతవరకు ఒకే చోట వేయాలని కేంద్రం 1986లో ఉత్తర్వులిచ్చింది. అప్పటికి అమ్మ రాజీనామా చేసి ఇరవై ఏళ్ళు దాటింది.

నాన్న పోయాక ఆవిడకి వచ్చింది ఆయన సర్వీసు మీద ఫ్యామిలీ పెన్షన్. దానికి ఏటా నవంబరులో బ్యాంకుకి వెళ్ళి బతికే ఉన్నానని, మళ్ళీ పెళ్ళి చేసుకోలేదని సంతకం పెట్టాల్సి వచ్చేది. డెబ్భై దాటాక కూడా పెట్టించారు. "ఇన్నేళ్ళు ఎక్కడెక్కడ పాఠాలు చెప్పావని ఒక్కరూ అడగరు గానీ, పెళ్ళి చేసుకున్నావా అని మాత్రం ఏటా అడుగుతారు" అని ఆ కౌంటర్ దగ్గరే పైకి అనేసి, గుండ్రటి అక్షరాలతో సంతకం పెట్టేది.

ఇట్లు,
మీ అమ్మమ్మ