పసలపోలిగాడి దొంగ కూతలు: పక్షుల అనుకరణపై అపోహలు - వాస్తవాలు

తూర్పు కనుమల అడవుల్లో పక్షుల కూతలు రికార్డు చేయడం నా పని. ఈ పనిలో ఉన్నవాళ్లను అన్నిటికంటే ఎక్కువగా తిప్పలు పెట్టేవి ఇతర పక్షుల గొంతులను అనుకరించే పిట్టలు. వాటి గురించి వాట్సాప్‌లోనే కాదు, ఏళ్ల తరబడి పక్షుల్ని చూస్తున్నవాళ్లలో కూడా కొన్ని నమ్మకాలు పాతుకుపోయాయి. నేను తరచూ వినేవి ఇవి.

అపోహ: మరో పక్షిలా కూసిందంటే మోసం చేస్తున్నట్టే.

అనుకరణ వేరు, మోసం వేరు. మోసం అనాలంటే ఆ కూత విన్న జీవి పొరబడాలి. పొరబడి ఏదో ఒకటి చేయాలి. దాని వల్ల కూసిన పక్షికి లాభం కలగాలి. చాలా పక్షుల విషయంలో ఈ మూడూ కలిసిరావు. మార్ష్ వార్బ్లర్ అనే పిచ్చుకంత పిట్ట యూరప్‌లో గూడు కట్టి, చలికాలానికి ఆఫ్రికా వెళ్తుంది. ఒక్కో మగపిట్ట పాటలో సగటున 76 జాతుల గొంతులు ఉన్నాయని పక్షుల పరిశోధకురాలు ఫ్రాంస్వాజ్ డౌసెట్-లెమెయిర్ 1979లో ప్రచురించారు. వాటిలో సగానికి పైగా ఆఫ్రికా పక్షులవే. బెల్జియంలోని పొదలో ఆఫ్రికా పిట్టలా కూస్తే, మోసపోవడానికి ఆ పిట్ట అక్కడ ఉండదు కదా! ఆ పాటకు శ్రోతలు సొంత జాతి పిట్టలే.

అపోహ: పక్షులకు మోసం చేసేంత నేర్పు ఎక్కడిది? అదంతా పంచతంత్రం.

ఆఫ్రికాలోని కలహారి ఎడారిలో ఫోర్క్-టెయిల్డ్ డ్రాంగో అనే పక్షిని చూస్తే ఈ మాట అనరు. మన పొలాల్లో గేదెల వీపు మీద, కరెంటు తీగల మీద కనిపించే పసలపోలిగాడికి (కొన్నిచోట్ల ఏట్రింత అంటారు) అది దగ్గరి చుట్టం. అదే నలుపు, అదే చీలిక తోక. ఆ ఆఫ్రికా డ్రాంగో మీర్‌కాట్ల (ముంగిస జాతి చిన్న జంతువులు) గుంపును వెన్నంటి తిరుగుతుంది. డేగ నిజంగా వస్తే నిజంగానే హెచ్చరిస్తుంది. అందుకే మీర్‌కాట్లు దాని మాట వింటాయి. ఏదైనా మీర్‌కాట్ నేల తవ్వి మంచి పురుగునో తేలునో బయటికి లాగినప్పుడు మాత్రం డేగ లేకుండానే డ్రాంగో హెచ్చరిక కూత వేస్తుంది. మీర్‌కాట్ తిండి వదిలేసి బొరియలోకి పరుగెడుతుంది. డ్రాంగో దిగి ఆ తిండిని ఎత్తుకుపోతుంది.

టామ్ ఫ్లవర్ బృందం 2014లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురించిన వివరాలు ఇంకా ఆసక్తికరం. ఆ డ్రాంగోలు మొత్తం 51 రకాల హెచ్చరిక కూతలు వాడాయి. వాటిలో ఆరే సొంతం, మిగతా 45 అరువువి. రోజు తిండిలో దాదాపు 23 శాతం ఇలా దోచుకున్నదే. ఒకే కూతను పదేపదే వాడితే వినేవాళ్లు పట్టించుకోవడం మానేస్తారు. అప్పుడు డ్రాంగో కూత మారుస్తుంది. అరువు గొంతులు అక్కరకొచ్చేది ఇక్కడే.

‘అయితే ఎదుటి జీవి మనసులో ఏముందో దానికి తెలుసన్నమాట’ అని వెంటనే అంటారు. అంత దూరం వెళ్లనవసరం లేదు. ఏ కూతకు ఫలితం వచ్చింది, దేనికి రాలేదు అన్నది గమనించుకుంటే చాలు, ఈ పని జరిగిపోతుంది.

మన పసలపోలిగాడూ తక్కువది కాదు. షిక్రా అనే చిన్న డేగలా కూసి, నేల మీద పురుగులేరుకుంటున్న గోరువంకలను బెదరగొట్టి, అవి వదిలేసిన తిండిని తన్నుకుపోయిన సందర్భాలు నమోదయ్యాయి. మళ్లీ ఈ కుటుంబం మొత్తాన్నీ దొంగల జాబితాలో వేయకండి. తోక చివర రెండు పొడవాటి ఈనెలు, వాటి కొసన బిళ్లల్లాంటి ఈకలు వేలాడే పెద్ద డ్రాంగో మన నల్లమలలో, పాపికొండల్లో ఉంటుంది. శ్రీలంకలోని సింహరాజ అడవిలో, అప్పట్లో ఇదే జాతిగా లెక్కించిన అక్కడి డ్రాంగో మీద ఎబెన్ గూడేల్, శరత్ కొటగామ అనే పరిశోధకులు పనిచేశారు. తనతో కలిసి మేతకు తిరిగే పిట్టల గొంతులను అది అనుకరిస్తుందనీ, ఆ కూతలు విని అవి దగ్గరికి చేరతాయనీ 2006లో చూపించారు. ఆ గుంపు ఆకులు కదిలించుకుంటూ పోతుంటే పైకి లేచే పురుగులు డ్రాంగోకు దొరుకుతాయి. గుంపుకూ ఒక కాపలాదారు దొరికినట్టే. దీన్ని మోసం అనాలో పిలుపు అనాలో నేనైతే తేల్చి చెప్పను.

అపోహ: లైర్‌బర్డ్ అడవిలో రంపపు మోతలు, కెమెరా క్లిక్కులు వినిపిస్తూ తిరుగుతుంది.

వైరల్ వీడియోల్లో ఉన్నవి ఎక్కువగా జూలలో, మనుషుల మధ్య పెరిగినవి. ఆస్ట్రేలియా అడవుల్లోని లైర్‌బర్డ్ ప్రధానంగా చుట్టుపక్కల పక్షుల్నే అనుకరిస్తుంది. అసలు విశేషం రంపం కాదు. ఆడపక్షి వెళ్లిపోబోతుంటే మగపక్షి, శత్రువును చూసి అనేక జాతుల పిట్టలు ఒకేసారి గోల పెడుతున్నట్టు ఒక్కటే కూస్తుందని అనస్టేసియా డాల్జీల్ బృందం 2021లో ప్రచురించింది. దగ్గరలో శత్రువెవరూ ఉండరు.

అపోహ: నాలుకకు వస రాస్తేనో, నాలుక కోస్తేనో పక్షికి మాటలు వస్తాయి.

రావు. కోయడం శుద్ధ క్రూరత్వం. పక్షి గొంతు పుట్టేది శ్వాసనాళం రెండుగా చీలే చోట, సిరింక్స్ అనే అవయవంలో. చిలుకలు ఆ ధ్వనిని మలచడానికి నాలుకను వాడతాయి కాబట్టి, కోస్తే ఉన్నదీ పోతుంది. పైగా మన రామచిలుకల్ని, కొండ గోరువంకల్ని పట్టుకోవడం, అమ్మడం, పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం.

కొండ గోరువంక గురించి ఇంకో మాట. పంజరంలో అంత స్పష్టంగా మాట్లాడే ఈ పక్షి అడవిలో వేరే జాతుల్ని అనుకరించదు. బ్రయాన్ బెర్‌ట్రమ్ అస్సాంలో పరిశీలించి 1970లో రాసిన ప్రకారం, అది తన జాతిలోనే ఇరుగుపొరుగు పక్షుల కూతలు నేర్చుకుంటుంది. అదీ మగది మగవాటి నుంచి, ఆడది ఆడవాటి నుంచి. పంజరంలో దానికి ఇరుగుపొరుగు మనుషులే.

అపోహ: కోయిలమ్మ పాడుతుంది, మనం కూస్తే బదులిస్తుంది.

‘కూ’ అని పాడేది మగ కోకిల. గోధుమ రంగు మీద తెల్లచుక్కలుండే ఆడది ‘కిక్ కిక్’ మంటుంది. మన పిల్లలు ‘కూ’ అన్నప్పుడు మగ కోకిల స్వరం పెంచేది స్నేహంతో కాదు, తన చోట్లోకి మరో మగది చొరబడిందనుకుని. పైన చెప్పిన లెక్క ప్రకారం చూస్తే మోసపోతున్నది కోకిల, మోసగిస్తున్నది మనం. కాకి విషయంలో కోకిల చేసే మోసం గొంతుతో కాదు, కాకి గుడ్డును పోలిన చిన్న గుడ్డుతో.

అపోహ: కూత విని ఫోన్‌లోని యాప్ ఒక పక్షి పేరు చూపించిందంటే ఆ పక్షి అక్కడ ఉన్నట్టే.

మెర్లిన్ లాంటి యాప్‌లు ధ్వనిని పోలుస్తాయి, కూసినదెవరో చూడలేవు. డ్రాంగో షిక్రాలా కూస్తే తెర మీద షిక్రా పేరే రావచ్చు. ఇతర పక్షుల్ని అనుకరించే లీఫ్‌బర్డ్ పిట్టలతోనూ ఇదే ఇబ్బంది. అందుకని పేరు కనబడగానే జాబితాలో ఎక్కించకండి. రెండు మూడు నిమిషాలు ఆగి వినండి. ఒకే కొమ్మ మీద నుంచి రెండు మూడు జాతుల గొంతులు వెంటవెంటనే వస్తున్నా, మధ్యలో డ్రాంగో సొంత లోహపు మోత తగులుతున్నా అనుమానించాలి. పక్షి కంటికి కనబడే దాకా వెతకండి. రికార్డింగ్ కూత ఆగగానే ఆపేయకుండా, విన్న పిట్టలు ఏం చేశాయో కూడా నోట్ చేసుకోండి. ఎగిరిపోయాయా, దగ్గరికొచ్చాయా, తల కూడా తిప్పలేదా అన్నది రాయని రికార్డింగ్ అనుకరణ పరిశోధనకు పెద్దగా పనికిరాదు.