గెయిన్ పెంచితే పోని జరుగుడు: లేజర్ లాక్‌పై అపోహలు - వాస్తవాలు

లేజర్ ఫ్రీక్వెన్సీని కేవిటీ (ఎదురెదురు అద్దాల మధ్య కాంతి తిరిగే అమరిక) వంటి స్థిరమైన రిఫరెన్స్‌కు కట్టి ఉంచడమే లేజర్ లాక్; ఫ్రీక్వెన్సీ ఎంత తప్పిందో చెప్పేది ఎర్రర్ సిగ్నల్. నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు నుండి పరిశోధక విద్యార్థులు నన్ను పదే పదే అడిగే ప్రశ్న ఒకటే: “సార్, లాక్ నిలిచింది, ఎర్రర్ సిగ్నల్ సున్నా దగ్గరే ఉంది, అయినా మధ్యాహ్నానికి ఫ్రీక్వెన్సీ ఎందుకు జరుగుతోంది?”

అపోహ: సర్వో గెయిన్ (తప్పును సరిదిద్దే లూప్ బలం) పెంచితే ఆగుతుంది.

వాస్తవం: ఆగదు. విద్యార్థుల కాలాన్ని అన్నిటికంటే ఎక్కువగా హరించే అపోహ ఇదే. ఎర్రర్ సిగ్నల్ కోసం లేజర్ కాంతి ఫేజ్‌ను మాడ్యులేటర్‌తో వేగంగా ఊపుతాం; అప్పుడు అసలు ఫ్రీక్వెన్సీకి (క్యారియర్) ఇరువైపులా సైడ్‌బ్యాండ్లు పుడతాయి. మాడ్యులేటర్ కేవలం ఫేజ్‌నే మార్చినప్పుడు, రెండు సైడ్‌బ్యాండ్లు క్యారియర్‌తో కలిసి పుట్టించే బీట్లు డిటెక్టర్ వద్ద పరస్పరం రద్దవుతాయి. మాడ్యులేటర్‌లోని లిథియం నియోబేట్ స్ఫటికపు అక్షానికి కాంతి ధ్రువణం కొద్దిగా వాలినా, స్ఫటిక ముఖాల మధ్య కాంతి ముందుకూ వెనక్కీ ప్రతిఫలించి ఎటలాన్ ఏర్పడినా ఆ రద్దు పూర్తికాక, మాడ్యులేషన్ ఫ్రీక్వెన్సీ వద్దే కాంతి తీవ్రతలో హెచ్చుతగ్గులు మిగులుతాయి. ఈ ‘ర్యామ్’ (రెసిడ్యువల్ యాంప్లిట్యూడ్ మాడ్యులేషన్), డీమాడ్యులేషన్ (డిటెక్టర్ సంకేతం నుండి ఆ ఫ్రీక్వెన్సీ భాగాన్ని వెలికితీయడం) తర్వాత ఆఫ్‌సెట్‌గా మారి ఎర్రర్ సిగ్నల్ సున్నాను జరుపుతుంది. పాసంగమున్న తరాజును ఎంత జాగ్రత్తగా సమం చేసినా తూకం తప్పే. అలాగే గెయిన్ పెంచిన కొద్దీ లేజర్ ఆ తప్పు స్థానాన్నే మరింత గట్టిగా పట్టుకుంటుంది.

అపోహ: ఆఫ్‌సెట్ నాబ్ తిప్పితే చాలు.

వాస్తవం: నాబ్ స్థిరమైన భాగాన్నే తీసివేస్తుంది, కానీ స్ఫటికపు ద్వివక్రీభవనం (ధ్రువణాన్ని బట్టి వక్రీభవనం వేరుగా ఉండటం) ఉష్ణోగ్రతతో మారుతూనే ఉంటుంది. మహబూబ్‌నగర్ వైపు ఒక ల్యాబులో, మే నెల ఎండల్లో, తన చేతి పొరపాటు వల్లనే లాక్ చెడుతోందని ఒక విద్యార్థిని నిద్ర మానుకొని కుమిలిపోయింది. కేవిటీకి ముందే బీమ్ స్ప్లిటర్‌తో కొంత కాంతిని రెండో ఫోటోడయోడ్‌కు మళ్లించి, అదే ఫ్రీక్వెన్సీ వద్ద డీమాడ్యులేట్ చేసి నమోదు చేయమన్నాను. ఏసీ కంప్రెసర్ ఆగి నడిచిన ప్రతిసారీ ఆ గీత లేచి పడింది. లోపం ఆ అమ్మాయి చేతిలో లేదు. మాడ్యులేటర్‌కు ముందు మంచి పోలరైజర్ పెట్టి అక్షానికి సరిచూడటం, స్ఫటికపు ఉష్ణోగ్రతను నియంత్రించడం, వీలైతే ముఖాలు ఏటవాలుగా కోసిన స్ఫటికం వాడటం ముందుగా చేయవలసినవి. అవి చాలకపోతే, భౌతిక శాస్త్రవేత్తలు వాంగ్, హాల్ 1985లోనే చూపినట్లు, ర్యామ్‌ను కొలిచి ఫీడ్‌బ్యాక్‌తో అణచవచ్చు.

ఖరీదైన ఫైబర్ మాడ్యులేటర్‌లో ర్యామ్ ఉండదన్నది ఆధారం లేని ప్రచారం. మాడ్యులేటర్‌కు బదులు డయోడ్ లేజర్ కరెంటునే మాడ్యులేట్ చేస్తే పవర్ కూడా మారుతుంది. అక్కడ మూడో హార్మోనిక్ (మాడ్యులేషన్ ఫ్రీక్వెన్సీకి మూడు రెట్లు) వద్ద గుర్తించడం మేలు. ఇక లాక్ నాణ్యతను లూప్‌లోని ఎర్రర్ సిగ్నల్‌తో కాక, విడిగా ఉన్న మరో రిఫరెన్స్‌తో పోల్చి చూడాలి.