పాత మేడ మీద తేలిక గది: అపోహలు, వాస్తవాలు

"సార్, మావాడికి మాఘంలో పెళ్లి. మేడ మీద ఒక రూమూ, బాత్రూమూ దింపించేద్దామనుకుంటున్నాం. క్రేనుతో పెట్టేస్తారట కదా, ఒక్క పూటలో అయిపోతుందట."

ఇలాంటి ఫోను నాకు నెలకి నాలుగైదు వస్తాయి. కింద ఒక గదిలో మామ్మగారు, ఒక గదిలో అమ్మానాన్నలు, హాల్లో దివాను మీద పిల్లాడు. కొత్త కోడలు వస్తే గది లేదు. వేరు కాపురం పెడితే అద్దె భారం, పైగా పెద్దవాళ్లకి రాత్రిపూట మంచినీళ్లిచ్చే మనిషి ఉండరు. అందరం ఒకచోటే ఉండాలన్న ఆ ఆరాటం నాకు బాగా తెలుసు, మాదీ అలాంటి ఇల్లే. విశాఖలో స్టీలు ఫ్రేము గదులు ఫ్యాక్టరీలో చేయించి తెచ్చి బిగించడం నా పని. నా పనిని నేనే వద్దనడం లేదు. కానీ ఒక్క అపోహ మాత్రం కుటుంబాల్ని నిలువునా ముంచుతోంది. ఎక్కువ భాగం దాని గురించే చెబుతాను.

అపోహ: తేలికైన గది కదా, పాత శ్లాబు మీద పెట్టేయొచ్చు. పునాది చూడక్కర్లేదు.

ఇందులో సగం నిజముంది, అందుకే అందరూ నమ్ముతున్నారు. 9 అంగుళాల ఇటుక గోడ చదరపు మీటరుకి దగ్గర దగ్గర 450 కిలోలు తూగుతుంది. మా స్టీలు ఫ్రేము గోడ, రెండు వైపులా సిమెంటు బోర్డు, మధ్యలో రాక్‌వూల్ (రాతి నుంచి తీసిన దూదిలాంటి పీచు), అన్నీ కలిపినా 50 కిలోల చుట్టుపక్కలే. అమ్మేవాళ్లు ఇక్కడితో ఆపేస్తారు.

మరి ఆ గదిలో ఎవరూ ఉండరా? మంచం, బీరువా, మనుషులు, పండక్కి వచ్చే చుట్టాలు? కాపురముండే గదికి చదరపు మీటరుకి 200 కిలోలు లెక్కలో వేసుకోవాలని కట్టడాలు మోయాల్సిన బరువులకి మన దేశ ప్రమాణం ఐఎస్ 875 చెబుతోంది. గోడ ఇటుకదైనా స్టీలుదైనా ఆ 200 తగ్గదు. ఎక్కి తిరిగే డాబా కప్పుకి అదే ప్రమాణం చెప్పేది 150. అంటే మీ పాత శ్లాబు, లెక్క ప్రకారమే వేసి ఉంటే, బట్టలారేసుకోవడానికీ ఒడియాలు పెట్టుకోవడానికీ వేసింది. దాని మీద గది నేల, గోడలు, కప్పు, ఆపైన సంసారం పెడుతున్నాం. బాత్రూమ్ కోసం వెయ్యి లీటర్ల ట్యాంకు పెడితే ఒక్కచోటే ఒక టన్ను. కింద బీము ఎక్కడుందో చూడకుండా గోడని శ్లాబు నడిమధ్యన నిలబెట్టినవి నేను చాలా చూశాను.

పైగా మన ఊరి గాలిలో ఉప్పు. ముప్ఫై ఏళ్లనాటి శ్లాబులో రాడ్లు తుప్పుపట్టి ఉబ్బుతాయి, కింద పెచ్చులూడతాయి. మేస్త్రీ మళ్లీ సిమెంటు మెత్తి సున్నం వేసి వెళ్లిపోతాడు. పైకి అంతా బాగానే కనిపిస్తుంది.

గాజువాక వైపు ఒకింటికి నన్ను పిలిచేసరికి గది పెట్టి నాలుగు నెలలైంది. పెట్టింది వేరేవాళ్లు. కింద మామ్మగారి గది తలుపు పట్టేస్తోందని పిలిచారు. వానాకాలం, చెక్క ఉబ్బి ఉంటుందని ఇంట్లోవాళ్లు రెండుసార్లు చిత్రిక పట్టించారట. ఆవిడ మాత్రం "తలుపు కాదు బాబూ, పైన ఏదో దిగుతోంది" అంది. ఫ్యాను హుక్కు దగ్గర మొదలై గుమ్మం మూల దాకా సన్నటి పగులు, వెంట్రుక మందం. పెన్సిలుతో రెండు కొసల దగ్గరా తారీఖు వేసి, అడ్డంగా పలుచటి గాజు ముక్క అతికించి వచ్చాను, పగులు ఏమాత్రం పెరిగినా అది విరుగుతుంది. పదిహేడో రోజు మధ్యాహ్నం ఆవిడే మనవడి చేత ఫోను చేయించింది, గాజు విరిగిందని. ఆ రాత్రే కిందివాళ్లందరినీ చుట్టాలింటికి పంపించాం.

ఆ గదిని దింపడానికి మళ్లీ క్రేను. విప్పి ఎక్కడైనా పెట్టుకోవచ్చన్నది ఇంకో సగం నిజం. ఫ్రేము వస్తుంది; బోర్డులు మాత్రం స్క్రూల దగ్గర చిట్లిపోతాయి, కరెంటు, పైపులు, టైల్సు కొత్తగా వేయాల్సిందే. పెళ్లి కోసం దాచుకున్న డబ్బులో చాలా భాగం అలా పోయింది.

ఇక గాలి. తేలికదనం మంచిదనుకునేవాళ్లు ఇది ఒకసారి చూడాలి. సెకనుకి మీటర్లలో గాలి వేగాన్ని దానితోనే గుణించి, మళ్లీ 0.6తో గుణిస్తే చదరపు మీటరు మీద ఒత్తిడి న్యూటన్లలో వస్తుంది. ప్రమాణంలో విశాఖకి ఇచ్చిన వేగం 50, అంటే గంటకి 180 కిలోమీటర్లు. లెక్క 1500 న్యూటన్లు, సుమారు 150 కిలోల బరువుతో సమానం. హైదరాబాదుకి 44, అక్కడ కూడా 115 కిలోల పైమాటే. ఆ గాలి పైకి లేపబోయే ప్యానెల్ కప్పు తూగేది చదరపు మీటరుకి 10, 15 కిలోలు. ఇటుక మేడని దాని బరువే పట్టి ఉంచుతుంది. తేలిక గదిని బోల్టులే పట్టుకోవాలి. 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ రోజు, ఎదురింటి డాబా మీది రేకుల షెడ్డు ఇనప పైపులతో సహా లేచి మా వీధి దాటి పడింది. దానికి నాలుగు మూలలా నాలుగు బోల్టులున్నాయి, నాలుగంగుళాల పాత శ్లాబులోకి దిగి. శ్లాబు ముక్కలతో కలిసే ఊడొచ్చాయి.

కాబట్టి అడ్వాన్సు ఇవ్వకముందే ఇవి చేయించండి. ఒక పిల్లర్ పక్కన గుంత తవ్వించి ఫుటింగు, అంటే పిల్లర్ కింది పునాది దిమ్మ, చూడండి. పిల్లర్లే లేని గోడల ఇల్లయితే ఇంకా జాగ్రత్త. రెండు మూడు చోట్ల పెచ్చు తీయించి రాడ్డు చూడండి. కాంక్రీటుకి రీబౌండ్ హ్యామర్ పరీక్ష (సుత్తిలాంటి పరికరంతో తట్టి గట్టిదనం చూడటం) చేయించండి, అనుమానముంటే కోర్, అంటే పరీక్షకి గుండ్రటి కాంక్రీటు ముక్క, తొలిచి తీయించండి. గది బరువు శ్లాబు మీద కాకుండా పిల్లర్ల మీదికి దిగేలా స్టీలు బీములు వేయాలి, బోల్టులు వాటికే బిగించాలి. ఇదంతా స్ట్రక్చరల్ ఇంజనీరు కాగితం మీద రాసి సంతకం పెట్టాలి. గది అమ్మేవాడి నోటిమాట చాలదు.

మిగతావి త్వరగా. "షెడ్డే కదా, ప్లాన్ ఎందుకు" అంటారు. మనుషులు కాపురముంటే దేనితో కట్టినా అది కట్టడమే, అనుమతి కావాల్సిందే. "ఎండాకాలం ఉడికిపోతాం" అన్నది ఒట్టి రేకుకి వర్తిస్తుంది; మధ్యలో వేడినాపే పొర ఉన్న కప్పుకి అంతగా కాదు. "ఫ్యాక్టరీలో చేసిన గదులు గట్టివి కావు" అనేవాళ్ల కోసం: రాంచీలో కేంద్ర ప్రభుత్వ లైట్ హౌస్ ప్రాజెక్టు ఫ్యాక్టరీలో పోసిన కాంక్రీటు గదుల్ని పేర్చి కట్టిందే. "నిప్పంటుకోదు" అని ఎవరైనా చెబితే లోపల ఏముందో అడగండి. థర్మాకోలూ, పఫ్ అనే పాలీయురేథేన్ నురుగూ మండుతాయి, వంటింటి గోడకి రాక్‌వూలే వేయించండి. రాక్‌వూల్ మూడు తరాలున్న ఇంట్లో ఇంకో మేలు చేస్తుంది. తాతగారి రాత్రి దగ్గు పక్క గదిలోకి, పక్క గది మాటలు తాతగారి దాకా రావు.

పెద్దవాళ్లున్న ఇంట్లో మరో సంగతి మర్చిపోకూడదు. బోర్డు గోడకి మేకు కొడితే క్యాలెండరు ఆగుతుంది, మనిషి ఆగడు. బాత్రూములో టవల్ రాడ్డు పట్టుకుని లేవబోయి రాడ్డుతో సహా పడిన ఒక తాతగారిని నేనే ఆసుపత్రికి తీసుకెళ్లాను. పట్టుకునే కడ్డీ ఎక్కడ కావాలో ఫ్యాక్టరీకి ముందే చెబితే బోర్డు వెనక స్టీలు పట్టీ వేసి పంపుతారు. ఆలస్యమైతే గోడ విప్పాలి.

గాజువాక వాళ్ల గదిని చివరికి పెరట్లో, బాదం చెట్టు తీయించి, కొత్త పునాది మీద పెట్టాం. కొడుకూ కోడలూ కింద పాత గది తీసుకున్నారు, పెరటి గది మామ్మగారిది. మెట్లు లేవు. గడప లేకుండా కాలు పెట్టనందావిడ, ఉంటే రాత్రిపూట కాలికి తగిలి పడుతుందని మా భయం. టేకు చెక్కని నేల మట్టానికి దించి బిగించాం. శుక్రవారం శుక్రవారం దానికే పసుపు రాస్తోంది.