లోపాలతో కాపురం చేసిన శాస్త్రవేత్త

విశాఖలో ఇప్పుడు నలుగురు చేరితే డేటా సెంటర్ మాటే. భూముల రేట్లు ఎంతకు పోతాయి, ఉద్యోగాలు ఎన్నొస్తాయి, నీళ్లు ఎక్కడినుంచి తెస్తారు? 2025 అక్టోబరులో గూగుల్ ఇక్కడ అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని ప్రకటించింది. గిగావాట్ స్థాయి అన్నారు. అంటే 1,000 మెగావాట్లు. పరవాడ దగ్గరి సింహాద్రి థర్మల్ స్టేషన్‌లో 500 మెగావాట్ల యూనిట్లు నాలుగున్నాయి. వాటిలో రెండు నిండుగా తిరిగితే వచ్చే కరెంటు అది.

ఇంత కరెంటూ లెక్కలు చేయడానికే అనుకుంటాం. కూడికకు అయ్యే ఖర్చు నిజానికి చాలా తక్కువ. మోతకే అసలు ఖర్చు. మెమరీ చిప్‌లో ఉన్న అంకెను ప్రాసెసర్ దాకా తేవాలి, జవాబును మళ్లీ తీసుకెళ్లి పెట్టాలి. మెయిన్ మెమరీ నుంచి ఒక అంకెను తెచ్చుకోవడానికి పట్టే శక్తి, దాన్ని కూడడానికి పట్టే శక్తికి వందల రెట్లు. ఏఐ మోడళ్లలో ఈ మోత ఆగకుండా సాగుతూనే ఉంటుంది.

ఇది తగ్గాలంటే అంకె ఉన్నచోటే లెక్క జరిగిపోవాలి. అందుకు దారి చూపిన వాళ్లలో ఆర్. స్టాన్లీ విలియమ్స్ ఒకరు. ఆయన చదివింది కంప్యూటర్లు కాదు. రైస్ యూనివర్సిటీలో కెమికల్ ఫిజిక్స్, బర్క్‌లీలో ఫిజికల్ కెమిస్ట్రీ పీహెచ్‌డీ, కొన్నాళ్లు బెల్ ల్యాబ్స్, ఆపైన లాస్ ఏంజెలెస్‌లో పదిహేనేళ్లు కెమిస్ట్రీ ప్రొఫెసర్. 1995లో హెచ్‌పీ ల్యాబ్స్‌లో చేరారు. ఎంసెట్ కౌన్సెలింగ్‌లో సీఎస్‌ఈ తప్ప ఇంకేదొచ్చినా టెన్షన్ పడిపోయే మన తల్లిదండ్రులకు ఈ బయోడేటా ఒకసారి చూపించాలి.

హెచ్‌పీలో ఆయన్ని ఆలోచనలో పడేసింది టెరామాక్ అనే ప్రయోగాత్మక కంప్యూటర్. అందులో 864 చిప్‌లు, వాటిలో ముప్పావు వంతు ఏదో ఒక లోపం ఉన్నవే. మొత్తం లోపాలు దాదాపు 2,20,000. మామూలు కంప్యూటర్‌లో వీటిలో ఒక్కటున్నా పని ఆగిపోవచ్చు. టెరామాక్‌ను మాత్రం ముందు పరీక్షించి, ఏ తీగ తెగిందో ఏ స్విచ్ చచ్చిందో పట్టీ రాసి పెట్టుకునేవారు. సర్క్యూట్‌ను వాటిని తప్పించి అల్లుకునేవారు. ఏ సందులో గుంత ఉందో తెలిసిన ఆటోవాలా వానాకాలంలో బండి నడిపినట్టన్నమాట. గుంత ఒక్కటీ పూడలేదు, ప్రయాణం ఆగలేదు. కొన్ని పనుల్లో అది ఆనాటి మేలైన వర్క్‌స్టేషన్ కంటే 100 రెట్లు వేగంగా పనిచేసిందని 1998లో ‘సైన్స్’ పత్రికలో రాశారు.

నానో లోకంలో అడుగుపెట్టే వాడికి ఈ ధైర్యం కావాలి. నానోమీటరంటే మీటరులో వంద కోట్లో వంతు. ఆ కొలతలో కోట్ల భాగాలు చేస్తే, ఎంత జాగ్రత్త పడినా కొన్ని చెడిపోయే పుడతాయి.

విలియమ్స్ బృందం ఎంచుకున్న నమూనా చూడ్డానికి సాదాగానే ఉంటుంది. కింద కొన్ని నిలువు తీగలు, పైన అడ్డ తీగలు, అవి దాటుకునే ప్రతిచోటా మధ్యలో ఒక స్విచ్. ఆ స్విచ్ ఒకే ఒక్క అణువుల పొర కావాలన్నది మొదటి కల. ప్లాటినం తీగల మధ్య అణువులు పేర్చారు, పై తీగ అంటుకోవడానికి కాస్త టైటానియం పూశారు. స్విచ్ పనిచేసింది, కానీ తీరు అంతుపట్టలేదు. కొలతలు ఏ సిద్ధాంతానికీ లొంగలేదు.

చివరికి విప్పి చూస్తే అణువుల గొప్పేమీ లేదు. అంటుకోవడానికి పూసిన టైటానియం ఆక్సిజన్‌ను లాక్కుని రెండు పొరలైపోయింది. ఒకటి నికార్సైన టైటానియం డయాక్సైడ్, కరెంటును పోనివ్వదు. రెండోది అక్కడక్కడా ఆక్సిజన్ పరమాణువులు తక్కువైన పొర, కరెంటును పోనిస్తుంది. ఆ ఖాళీలకు ధనావేశం ఉంటుంది కాబట్టి వోల్టేజీ పెడితే అవి ఒక పక్కకు జరుగుతాయి, తిప్పి పెడితే వెనక్కొస్తాయి. వాటితో పాటే నిరోధం తగ్గుతుంది, పెరుగుతుంది. స్విచ్ కట్టేస్తే ఎక్కడివక్కడే ఉండిపోతాయి. అంటే ఎంత కరెంటు ఎటు పోయిందో ఆ పదార్థానికి గుర్తుంది. జిగురుగా వాడిన పూత, అందులోని లోపం, ఈ రెండే అసలు పరికరం!

ఇలాంటిది ఉండితీరాలని సర్క్యూట్ల సిద్ధాంతవేత్త లియాన్ చువా 1971లోనే కాగితం మీద లెక్కగట్టి, మెమ్‌రిస్టర్ అని పేరు పెట్టారు. రెసిస్టర్, కెపాసిటర్, ఇండక్టర్ తర్వాత సర్క్యూట్లలో నాలుగో మూలభాగం ఉండాలన్నది ఆయన వాదన. ఆ పాత పేపర్‌ను సహచరుడు గ్రెగ్ స్నైడర్ తెచ్చి ఇస్తే, విలియమ్స్ దాన్ని తన కొలతలతో పోల్చుకున్నారు. 2008లో ‘నేచర్’లో ప్రకటించారు. 37 ఏళ్లు ఎవరి కంటా ఎందుకు పడలేదో అదే పేపర్ చెబుతుంది. పొర మందం పదింతలు తగ్గితే ఈ ప్రభావం వందింతలవుతుంది. మైక్రోమీటరు నుంచి నానోమీటరుకు దిగితే పది లక్షల రెట్లు. పెద్ద పరికరాల్లో అది ఉన్నా లేనట్టే.

ఈ టైటానియం మనకు కొత్త సరుకేమీ కాదు. భీమిలి తీరంలో అల వెనక్కి పోయాక తడి ఇసుక మీద నల్లటి చారలు మిగులుతాయి. ఒక చిన్న అయస్కాంతం పెట్టి చూడండి. వెంటనే పట్టుకునేవి మాగ్నెటైట్ రేణువులు. అంత తేలిగ్గా రాకుండా మొండికేసే నల్ల రేణువుల్లో ఇల్మెనైట్ ఉంటుంది. ఇనుము, టైటానియం, ఆక్సిజన్ కలిసిన ఖనిజమది. దాన్ని శుద్ధి చేస్తే వచ్చే తెల్లపొడే టైటానియం డయాక్సైడ్, మన గోడల పెయింట్లకు తెలుపునిచ్చేది.

ఆ తర్వాతి కథ అంత సాఫీగా నడవలేదు. చువా చెప్పింది ఇది కాదని కొందరు శాస్త్రవేత్తలు పేపర్లే రాశారు. మెమ్‌రిస్టర్ల మీద ఆశతో హెచ్‌పీ 2014లో ‘ది మెషీన్’ అనే కొత్తరకం కంప్యూటర్‌ను ప్రకటించింది. 2017లో చూపించిన నమూనాలో ఉన్నది మామూలు మెమరీయే. ఈలోగా పానసోనిక్ 2013లోనే ఈ కుటుంబానికి చెందిన మెమరీని ఒక చిన్న మైక్రోకంట్రోలర్‌లో పెట్టి చడీచప్పుడు లేకుండా అమ్మింది. నా మటుకు, ప్రచారం తక్కువున్న చోటే పని తెమిలిందనిపిస్తుంది. విలియమ్స్ హెచ్‌పీ వదిలి టెక్సస్ ఏ అండ్ ఎమ్ యూనివర్సిటీకి వెళ్లాక, 2020లో సుహాస్ కుమార్‌తో కలిసి నయోబియం డయాక్సైడ్ పరికరం ఒక్కటే మెదడు కణాల ప్రవర్తనలు పదిహేను చూపగలదని ‘నేచర్’లో రాశారు.

ఇక కరెంటు సంగతి. నిలువు, అడ్డ తీగల వలలో ప్రతి కూడలి దగ్గరా ఏఐ మోడల్‌లోని ఒక అంకెను వాహకతగా దాచిపెడతారు. అడ్డ తీగలకు వోల్టేజీలు ఇస్తే ఓమ్ నియమం గుణకారం చేసేస్తుంది, నిలువు తీగలో కరెంట్లన్నీ కలిసి కూడిక అయిపోతుంది. ఇంటర్‌లో చదివిన ఓమ్, కిర్కాఫ్‌లే ఇక్కడ ప్రాసెసర్. అంకెను కూడలి నుంచి కదిలించే పనే లేదు. కాకపోతే ఒక్కో కూడలిలో వాహకత మెట్లు వేర్వేరుగా ఎన్ని స్థిరంగా నిలబడతాయన్నది ప్రశ్న. 2024లో బెంగళూరు ఐఐఎస్‌సీలో శ్రీతోష్ గోస్వామి బృందం రుథేనియం ఉన్న అణువుల పొరలో 16,500 మెట్లు చూపించింది. హెచ్‌పీ వాళ్లు పక్కన పెట్టిన అణువుల ఆలోచనే అలా మరో దారిలో తిరిగొచ్చింది.

అన్నీ కుదిరినా, నిలువు తీగ చివర వచ్చే కరెంటును అంకెగా మార్చే ఏడీసీలు మిగిలే ఉంటాయి. చాలా నమూనా చిప్‌లలో వల దగ్గర ఆదా అయిన శక్తిలో పెద్ద వాటాను, చిప్ మీద చోటునూ అవే తినేస్తున్నాయి. ఈసీఈ చదివిన వాళ్లకు ప్రస్తుతం అక్కడ బోలెడంత పనుంది.