మన రెండు పిన్‌కోడ్‌ల లెక్క

పిల్లలూ,

శ్రీకాకుళం పిన్‌కోడ్ 532001, విజయనగరానిది 535001. వీటిని మామూలు సంఖ్యలనుకుని, ఏది ప్రధాన సంఖ్యో తేలుద్దాం.

రెండూ 1తో ముగిశాయి కనుక 2, 5 పనికిరావు. అంకెల మొత్తాలు 11, 14 కాబట్టి 3 కూడా అంతే. ఇక 7 నుంచి ప్రధాన సంఖ్యలతోనే భాగించండి. 9, 15, 21 జోలికి పోవద్దు. 3తో తెగనిది వాటితోనూ తెగదు.

ఎందాకా భాగించాలి? వర్గమూలం దాకా. 730 × 730 = 532900, అంటే 532001 కన్నా ఎక్కువ. అందుకని కారణాంకాలు రెండూ 730 గానీ, అంతకు మించి గానీ ఉండలేవు. చిన్నది 729 లోపే దొరకాలి.

విజయనగరం సంఖ్య 43 దాకా లొంగదు. చాలామంది అక్కడే విసిగిపోయి ‘ప్రధాన సంఖ్య’ అని రాసేస్తారు. ఇంకొక్కటి, 47 పెట్టండి. 535లో 11 సార్లు 517, మిగిలింది 18. సున్నా దింపితే 180, 3 సార్లు 141, మిగిలింది 39. మళ్ళీ సున్నా దింపితే 390, 8 సార్లు 376, మిగిలింది 14. ఒకటి దింపితే 141, సరిగ్గా 3 సార్లు. 535001 = 47 × 11383. ఈ 11383 కూడా ప్రధాన సంఖ్యే.

శ్రీకాకుళం సంఖ్యకు 727 దాకా మొత్తం 129 ప్రధాన సంఖ్యలూ చూడాల్సిందే. 532 = 4 × 7 × 19 కనుక 7, 19 దగ్గర శేషం 1 అని నోటితోనే చెప్పేయొచ్చు. మిగతావాటికి కాగితం కావాలి. ఒక్కదానితోనూ తెగదు. ప్రధాన సంఖ్యే!

దీని అసలు అందం ఇప్పుడు చూడండి. 4తో భాగిస్తే 1 మిగిలే ప్రతి ప్రధాన సంఖ్యా రెండు వర్గాల మొత్తమని 1640లో గణితవేత్త ఫెర్మా చెప్పాడు. వందేళ్ళు దాటాక ఆయిలర్ నిరూపించాడు. మనది:

376² + 625² = 141376 + 390625 = 532001

ఏ వర్గం చూసినా చివర మళ్ళీ అదే సంఖ్య! మూడంకెల సంఖ్యల్లో ఈ గుణం ఉన్నవి ఈ రెండే. 376 + 625 = 1001, అందుకే మన సంఖ్య 001తో ముగిసింది. వర్గాల మొత్తం 532001 అయ్యే మరో జత ఎంత వెతికినా దొరకదు.

535001ని 4తో భాగించినా 1 మిగులుతుంది కానీ, దాన్ని ఇలా విడగొట్టలేం. 47కీ, 11383కీ శేషం 3. అలాంటి ప్రధాన సంఖ్య కారణాంకాల్లో ఒక్కసారే వస్తే రెండు వర్గాల మొత్తం కుదరదు. శేషం 1 వచ్చిందని వర్గాలు వెతకడం మొదలుపెట్టకండి, ముందు కారణాంకాలు తేల్చుకోండి.

మీ తాతయ్య